ముప్పయ్యో కట్ట

ఆ పొద్దున ఇంట్లో ఉన్నది ముగ్గురే. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కొమురవ్వ, లోపల నులక మంచం మీద ఆమె అత్త లస్మవ్వ, చల్లారిన పొయ్యి పక్కన ముడుచుకున్న పిల్లి. కొమురవ్వ బిడ్డ అలేఖ్య నాలుగున్నరకే సైకిలెక్కి వెళ్లిపోయింది. నీళ్ల సీసాలు, అరటిపళ్లు సంచిలో వేసుకుని ఆ పిల్ల వెనక మోటారుసైకిలు మీద కొమురవ్వ తమ్ముడు రంజిత్ వెళ్లాడు.

కోరుట్ల పక్కనున్న ఆ ఊరి నుంచి కరీంనగర్ పోయి తిరిగి రావాలి. నూట యాభై కిలోమీటర్లు. బడిలో ఆటలు నేర్పే శ్యాంసుందర్ సారు ఉన్నమాట ముందే చెప్పాడు. పన్నెండు లోపల తిరిగొస్తే హైదరాబాద్‌లో సైకిల్ పందేలు నేర్పే హాస్టల్లో సీటు. చేరడానికి ఇదే ఆఖరి రోజు కాబట్టి సాయంత్రం తానే కారులో తీసుకుపోతాడు. పన్నెండు దాటితే లేదు. వచ్చే ఏడు చూద్దామనడానికి కూడా లేదు, అప్పటికి అలేఖ్యకు వయసు దాటిపోతుంది.

కొమురవ్వకు గడియారం చూడటం వచ్చు. కానీ పొద్దు ఆమెకు కట్టల్లోనే తెలుస్తుంది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. ఒక కట్టకు పావుగంట. అన్నం ఉడకడానికి కట్టకు కొంచెం ఎక్కువ, పప్పుకు రెండు. అలేఖ్య పుట్టిన రోజు పదో కట్ట చేతిలో ఉండగా నొప్పులు మొదలైతే, ఆ కట్టకు దారం చుట్టి పక్కన పెట్టే లేచింది. నాలుగున్నర నుంచి పన్నెండు దాకా అంటే ముప్పై కట్టలు. ముప్పై అయ్యేలోపల పిల్ల రావాలి.

ఆమె చేతులకు ఆమెతో పని లేదు. తడిపిన తునికాకు మీద ఇనుప పలక పెట్టి కత్తెర తిప్పుతాయి. చిటికెడు తంబాకు పోసి చుడతాయి. కొసలు గోటితో లోపలికి మడుస్తాయి. దారం ఒక చుట్టు, పళ్లతో ఒక కొరుకు. ఎనిమిదో ఏట తల్లి పక్కన కూర్చుని మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఎడమ బొటనవేలి గోరు పక్కకు తిరిగి పెరిగింది. వేళ్ల కొసలు పసుపు కలిపిన చెయ్యిలా ఉంటాయి. ఎంత సబ్బు రుద్దినా తంబాకు వాసన పోదు. చిన్నప్పుడు అలేఖ్య ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటేనే నిద్రపోయేది.

ఇంటాయన హనుమండ్లు షార్జాలో రోడ్లు ఊడుస్తాడు. శుక్రవారం పొద్దున అక్కడ కొందరు వంగిపోయి, వేలంత మందం చక్రాల సైకిళ్ల మీద బాణాల్లా పోవడం చూసేవాడట. ఇక్కడ బిడ్డ బడికి పోయే పాత సైకిలు మీద బస్సును దాటేస్తున్నదని ఊరంతా అనుకునేది. పోయిన ఎండాకాలం సెలవు మీద వస్తూ, తాళ్లతో కట్టిన పెద్ద కార్టన్ తెచ్చాడు. పైన నల్లటి అక్షరాలతో పేరు, ఊరు, మండలం. వాడకట్టంతా వచ్చి చుట్టూ కూర్చుంది. టీవీ అన్నారు కొందరు, బట్టలు పిండే మిషన్ అన్నారు ఇంకొందరు. తాడు కోస్తే లోపల ఎర్రటి సైకిలు.

లస్మవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంపు తిరిగిన హ్యాండిల్ దగ్గర ఆగింది.

“గిదేంది కొడుకా, పొట్టేలు కొమ్ములోలె ఉన్నది? క్యారియర్ లేదు, బెల్లు లేదు, స్టాండు లేదు. గింత దూరం నుంచి సగం సైకిలే తెచ్చినవా?”

అందరూ నవ్వారు. హనుమండ్లు కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. అలేఖ్య మాత్రం నవ్వలేదు. ఒక్క చేత్తో సైకిలును గాల్లోకి లేపి తల్లి వైపు చూసింది. “అవ్వా, నువ్వు లేపి చూడు.” కొమురవ్వ లేపింది. రెండు తునికాకు కట్టలంత బరువు లేదు. ఆమె ఆ రోజు వరకూ సైకిలు తొక్కి ఎరగదు. ఆ తర్వాతా తొక్కలేదు. కానీ రోజూ సాయంత్రం దాన్ని తడిగుడ్డతో తుడిచేది ఆమే. చెయిన్‌లో దుమ్ము చిక్కితే పాత పళ్ల బ్రష్‌తో తీసేది.

మొదటి వారం అలేఖ్య రెండుసార్లు పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. మొదట్లో మెట్‌పల్లి పోయి రావడానికి ఎనిమిది కట్టలు పట్టేది. వానాకాలానికి అయిదు. పండగల నాటికి జగిత్యాల దాటింది. కొమురవ్వ తెల్లారకముందే లేచి గటుక జావ కాచేది, పిల్ల రాగానే పిక్కలకు నూనె రుద్దేది. సైకిలు తొక్కడానికి పిల్ల వేసుకునే మోకాళ్ల దాకా ఉన్న నల్ల నిక్కరు చూసి వాడకట్టులో ఎవరో ఏదో అంటే, “మీ కండ్లు రోడ్డు మీద పెట్టుకోండ్రి, బండ్లు వస్తున్నయి” అంది. మెతక మనిషిగా పేరున్న కొమురవ్వ అంత మాట అనడం ఊళ్లో అదే మొదలు.

ఆరో కట్ట దగ్గర ఫోన్ మోగింది.

“ఏడిదాక పోయిందట?” అన్నాడు హనుమండ్లు షార్జా నుంచి.

“నాకేం ఎరుక? రంజిత్ గాడు ఇంక ఫోన్ చెయ్యలే.”

“నువ్వు ఫికర్ చెయ్యకు.”

“నేనేం చేస్తున్న? బీడీలు చేస్తున్న.”

“వస్తదంటవా?” అన్నాడు. ఆమె కత్తెర అందుకుంది.

పద్నాలుగో కట్టకు దారం చుడుతుంటే రంజిత్ చేశాడు.

“అక్కా, కరీంనగర్ ముట్టినం. పిల్ల పండు తిని మల్ల ఎక్కింది. బండి మీద కూసున్నోనికి నాకే నడుం పోయింది.”

“పిల్ల ఎట్లున్నది?”

“మంచిగనే ఉన్నది. గాలే ఎదురు కొడుతున్నది. జర కష్టమే అక్కా.”

ఫోన్ పక్కన పెట్టి కొమురవ్వ మళ్లీ ఆకు అందుకుంది. ఎదురుగాలి. ఇంటి ముందు మోరి కాలవకు అవతల వేపచెట్టు కొమ్మలు ఊగుతున్నాయి. పదిహేను, పదహారు, పదిహేడు. చేతులు నెమ్మదించాయి. ఆకును అవసరం లేకుండా రెండుసార్లు తుడిచింది. మడిచిన కొసను విప్పి మళ్లీ మడిచింది. కట్ట పూర్తి కాకపోతే పొద్దు కూడా ముందుకు పోదనిపించింది.

“గా ఒక్క బీడీ ఇంక ఎంతసేపు జేస్తవే?” అంది మంచం మీద నుంచి లస్మవ్వ. “నీ చాటను చూసి సూర్యుడు ఆగుతడా?”

ఆ మాటకు కొమురవ్వకు నవ్వొచ్చింది. నవ్వుతూ తలెత్తితే దండెం మీద అలేఖ్య లంగా, తువ్వాల కనిపించాయి. రేపు ఆ దండెం మీద తన చీర, అత్త చీర, అంతే. అన్నానికి గిన్నెడు నీళ్లు చాలు. నవ్వు ఆగిపోయింది.

ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలియలేదు. చేతులు ఉరకడం మొదలుపెట్టాయి. ఇరవై రెండు. ఇరవై మూడు. పెళ్లినాటి చురుకు వచ్చింది వేళ్లకు. కత్తెర చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. పిల్లి వచ్చి మోకాలికి రుద్దుకుంటే పక్కకు తోసింది. ముప్పయ్యో కట్టకు దారం చుట్టి, కొరికి, కుప్ప మీద పెట్టింది. వాకిట్లోకి చూసింది. ఎవరూ లేరు.

అయిపోయింది. పిల్ల రాలేదు. ఇక పోదు.

గుండెల మీద నుంచి ఏదో దించినట్టయింది. అంతలోనే వేపచెట్టు నీడ కంట పడింది. అది ఇంకా మోరి దాటి చాలా ఇవతలికి పరుచుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం అలా ఉండదు. కొమురవ్వ తన చేతులను చూసుకుంది. ఎవరి ఇంట్లోనో దొంగతనం చేస్తూ దొరికినట్టు వాటిని కొంగు కింద పెట్టుకుంది. ఆ తర్వాత ఆకు ముట్టలేదు. ఊరికే కూర్చుంది. పని లేకుండా కూర్చోవడం ఆమెకు చేతకాదు. అయినా కూర్చుంది, నీడ మెల్లగా చెట్టు మొదలు వైపు పోతుంటే చూస్తూ. చివరికి లేచి వాకిట్లోకి వచ్చి “రా బిడ్డా, రా” అని గొణిగింది.

ముందు టికటికమని చక్రం చప్పుడు వచ్చింది. తర్వాత ఎర్ర సైకిలు. అలేఖ్య దిగి రెండడుగులు వేసి అరుగు మీద పడిపోయింది. ముఖం నిండా దుమ్ము, దాని మీద చెమట చారలు. వెనక రంజిత్, అతని వెనక టైం చూడటానికి వచ్చిన శ్యాంసుందర్ సారు, చేతిలో ఫోన్.

పిల్ల కళ్లు ముందుగా కట్టల కుప్ప మీద పడ్డాయి. పెదవులతో లెక్కపెట్టింది.

“అవ్వా, ముప్పై అయినయా? నేను లేటా?”

“పదకొండు యాభై,” అన్నాడు సారు. “గెలిచినవ్ పో.”

అలేఖ్య నమ్మలేదు. తల్లినే చూస్తోంది. పద్నాలుగు నెలలుగా ఆ కట్టలు తప్పలేదు.

“లేటు గాలే బిడ్డా,” అంది కొమురవ్వ. “నేనే తొందరవడ్డ.”

“ఎందుకవ్వా?”

కొమురవ్వ నూనె గిన్నె తెచ్చి పిల్ల కాలు ఒళ్లోకి తీసుకుంది. పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. నూనె పోసి రుద్దుతూ కూర్చుంది. కాసేపటికి అలేఖ్యే ఆ పసుపు వేళ్లను పట్టుకుని తన ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ అడగలేదు.

సాయంత్రం కారు వచ్చింది. చిన్న కారు. సైకిలు పట్టక రంజిత్ చక్రాలు రెండూ విప్పాడు. వెనక సీట్లో సగం సైకిలు, సగం అలేఖ్య. డిక్కీలో బట్టల సంచి, మక్క గారెల డబ్బా, మామిడి తొక్కు. రేపు తిరిగొస్తానని రంజిత్ ముందు సీట్లో కూర్చున్నాడు. లస్మవ్వ గోడ పట్టుకుని వచ్చి మనవరాలి తల నిమిరి, “పొట్టేలు భద్రం” అని లోపలికి పోయింది.

కొమురవ్వ తలుపులోంచి వంగి పిల్ల చెవి వెనక్కి జుట్టు సర్దింది. ఇంకోసారి సర్దింది. మూడోసారి చెయ్యి పెట్టేసరికి అలేఖ్య కింది పెదవి కొరుక్కుంది.

“చెయ్యి తియ్యవ్వా,” అని మెల్లగా అని, తనే తలుపు లాగేసుకుంది.

అద్దం అవతల పిల్ల అటువైపు తిరిగి కూర్చుంది. కారు కదిలింది.

వెనక్కి తిరిగిన కొమురవ్వకు గోడకు ఆనించిన ముందు చక్రం కనిపించింది. ఆఖరున పెడదామని రంజిత్ పక్కకు పెట్టింది. కారు ఇంకా మూల మీదే ఉంది, గట్టిగా పిలిస్తే వినబడుతుంది. కొమురవ్వ ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. పిలవలేదు. కోరుట్ల దాటకముందే ఎవరికో ఒకరికి గుర్తొస్తుంది, తిరిగి రాక తప్పదు.

కారు మూల తిరిగింది. సన్నటి టైరు గీతల్లో కరీంనగర్ తోవ దుమ్ము ఇంకా అలాగే ఉంది.