కుండ పెంకలు, అరవై రెండు డిగ్రీలు

హైదరాబాదులో బీఎస్సీ చదివి, కరీంనగర్‌లో నాలుగు నెలలు గోళ్లు గిల్లుకుని, 1964లో భైంసా బయటి పత్తిగింజల నూనె మిల్లులో కెమిస్టుగా చేరాను. అక్కడ కెమిస్టును నేనొక్కడినే. నా కింద పనిచేసేది ఐలవ్వ ఒక్కతే. ల్యాబు ఊడ్చేది, సీసాలు కడిగేది, బయట కట్టెలపొయ్యి మీద నీళ్లు కాచి తెచ్చేది. నన్ను 'సారూ' అని పిలిచేది గాని, ఆ పిలుపులో గౌరవమెంతో జాలి ఎంతో నాకు తేలేది కాదు.

ఆ రోజు పొద్దున గింజల్లోంచి నూనె తీసే సాల్వెంటు లారీలో వచ్చింది. ఇరవై డ్రమ్ములు. అది పెట్రోలుకు చెల్లెలు లాంటిది, నిప్పురవ్వను చూస్తే ఆగదు. మేనేజర్ ఫజలుద్దీన్ గారు గేటు దగ్గరే నన్ను పట్టుకున్నారు. మిల్లు రూలు ప్రకారం అది అరవై ఐదు డిగ్రీలు దాటాక మరిగితే డ్రమ్ములు పక్క షెడ్డులో పెట్టొచ్చు. అంతకన్నా ముందే మరిగితే ఊరికే ఆవిరై పాకుతుంది కనుక వాగు అవతలి గోదాముకు మోయించాలి.

"మీ దస్కత్ చూసే దించుతం. జర జల్ది కానీయండి సాబ్," అన్నారు.

పక్క షెడ్డును ఆనుకునే రేకుల పందిరి ఉంది. మధ్యాహ్నం కాగానే మిల్లులోని ఆడవాళ్లు పన్నెండు మంది అక్కడ పొయ్యిలు ముట్టించి జొన్నరొట్టెలు కాల్చుకుంటారు. ఐలవ్వ పొయ్యి కూడా అక్కడే.

మంటను దగ్గరికి రానివ్వకుండా, ఐలవ్వ తెచ్చిన వేడినీళ్ల గిన్నెలో ఫ్లాస్కు పెట్టి, అందులో థర్మామీటరు ముంచి మూడుసార్లు మరిగించాను. అరవై ఆరు, డెబ్బై, అరవై ఎనిమిది. ఫ్లాస్కులోని సాల్వెంటు కాసేపు బుద్ధిగా కూర్చుని, ఉన్నట్టుండి భుగ్గున ఎగిరేది. దానితోపాటు నేనూ ఎగిరేవాడిని. చివరికి సగటు తీసి అరవై ఎనిమిది అని రాశాను. సగటు తీసినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరని నా ధైర్యం.

"డ్రమ్ములు మా పందిరి పక్కకేనా సారూ?" ఐలవ్వ అడిగింది.

"ఫికర్ లేదవ్వా. లెక్క తేలింది."

"నీ లెక్క తప్పు. గట్ల ఎగురుతుందంటే అది మరుగుతలేదు, అలుగుతుంది. కుండ పెంకలెయ్యి."

నాకు చాలా కోపం వచ్చింది. లోపల అనుమానం ఉన్నప్పుడు కోపం ఇంకా తొందరగా వస్తుంది. నేను తిట్టేలోపే ఆమె బయటికి పోయి ఒక పగిలిన కుండముక్కను శనగగింజలంత చేసి తెచ్చింది. తీసుకుని వేడి ఫ్లాస్కులో వేయబోయాను. చటుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"చల్లారనియ్! కాగేదాంట్ల ఏస్తే మొఖం మీదికొస్తది."

అప్పుడు గుర్తొచ్చింది. ఇదే మాట కాలేజీలో మా లెక్చరర్ చెప్పాడట. ఆ రోజు నేను మ్యాట్నీకి పోయాను.

"గా గాజుపుల్లను అండ్లనే ముంచినవేంది? పైన, ఆవిరి గొట్టంలకు మళ్లే కాడ పెట్టు. సార దిగేటప్పుడు మేం చెయ్యి పెట్టి చూసేది గక్కడనే..."

అని, టక్కున నోరు మూసుకుంది.

"ఏం సార?"

"ఇప్పసార." గొంతు తగ్గించింది. "కడెం అడివి కాడ ఉన్నప్పుడు. మా అత్త నేర్పింది. గిప్పుడు బంద్ వెట్టిన. మేనేజర్‌కు చెప్పకు సారూ, కొలువు పోతది."

పోతుంది, అందులో అనుమానం లేదు. సార వాసన వచ్చిందని కిందటి నెలే ఇద్దరిని ఫజలుద్దీన్ గారు ఉన్నపళంగా పనిలోంచి తీసేశారు. ఐలవ్వది వాసన కాదు, ఏకంగా వృత్తి.

చల్లారాక పెంకలు వేసి, థర్మామీటరు పైకి జరిపి మళ్లీ వేడిచేశాను. ఈసారి ఎగరలేదు. చిన్న చిన్న బుడగలు వరుసగా లేచాయి. పాదరసం అరవై రెండు దగ్గర ఆగింది. మరో రెండుసార్లు చూశాను. అదే అరవై రెండు. నా సగటును నమ్మి ఉంటే, మధ్యాహ్నం పొయ్యిలు ముట్టించగానే ఆ పందిరి మొత్తం లేచిపోయేది. పాత అంకె కొట్టేసి కొత్తది రాసి సంతకం పెట్టాను.

అంతలో ఫజలుద్దీన్ గారు వచ్చి కాగితం చూశారు. "అరవై ఎనిమిది కొట్టేసి అరవై రెండా? గిదెట్ల?"

"కాలేజీల చెప్పిన పద్ధతి సార్. ఇప్పుడు యాదికొచ్చింది," అన్నాను. ఐలవ్వను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

"షాబాష్! పట్నం చదువంటే గిట్లుండాలె!" అని ఆయన నా భుజం తట్టారు. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది.

ఐలవ్వకు మాత్రం ఒళ్లు మండింది. చేతిలోని చీపురును గోడకు ఆనించి ముందుకొచ్చింది.

"గాయనకేం తెల్వదు. పెంకలు తెచ్చింది నేను. పుల్ల పైకి పెట్టిచ్చింది నేను."

"నీకెట్ల ఎర్క?"

"ఇరవై ఏండ్లు ఇప్పసార దించిన. ఒక్క కుండ పగులలే, ఒక్కలకు చెయ్యి కాలలే."

ఫజలుద్దీన్ గారు జేబులోంచి పెన్ను తీసి, నా సంతకం పైన ఉర్దూలో ఒక వరుస రాసి, సిరాపెట్టె ఆమె ముందుకు జరిపారు. ఆమెకు చదువు రాదు. నా వైపు చూసింది. ఆ అక్షరాలు నాకు వచ్చు, అయినా నేను నోరు మెదపలేదు. ఐలవ్వ పెదవి కొరుక్కుని బొటనవేలు గట్టిగా అద్దింది.

"ఇగ పోవాల్నా?" అంది.

"పో, జల్ది పో. డ్రమ్ములు వాగు దాటేదాకా పందిట్ల ఒక్క పొయ్యి ముట్టియ్యొద్దని చెప్పు. నేను చెప్తే ఇనరు, నీ మాట ఇంటరు." ఆయన కాగితం ఆమె ముందు ఆడించారు. "పరీక్ష చేసింది నువ్వని రాసిన. ఇగ సార సంగతి నేను ఇనలే, నువ్వు చెప్పలే."

ఐలవ్వ గుమ్మం దాకా పోయి నా వైపు తిరిగింది. "సదువుకున్నోనివి గద సారూ, గా ముచ్చట ముందుగల్ల చెప్పరాదా? నా పానం పోయి వచ్చింది."

ఏం చెప్పను? ఆయన రాయడం ముగించేలోపే నేను చదివేశాను. పరీక్ష చేసినది ఐలవ్వ, పక్కన ఉన్నది లింగమూర్తి. నా పేరు రెండోదైందన్న ఉక్రోషంతో, ఆ ముసలిదాన్ని అంతసేపు ఏడిపించాను.