నలభై మూడో బెల్

పొద్దున్న ఆరున్నరకి జయసాగర్ ట్రామ్ ఎక్కి ఆఫీసుకి పోతాడు. ఏడింటికి అతని భార్య సహానా వీధి చివరున్న కీటాకి, అంటే పసిపిల్లల బడికి, వెళ్తుంది. అక్కడి పసివాళ్ళకి పళ్ళు కోసిపెట్టి, గిన్నెలు కడిగి, ఒంటిగంటకి ఇల్లు చేరుతుంది. నాలుగు మెతుకులు తిని, వంటింటి బల్ల మీద పప్పుడబ్బా పక్కకి జరిపి, రాయడానికి కూర్చుంటుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో నాలుగేళ్ళుగా ఇదే వరస.

అంతకుముందు పన్నెండేళ్ళు ఆమె గుంటూరులో ఒక పేపరుకి రిపోర్టరు. ఇప్పుడు పుస్తకం రాస్తోంది. అమెరికాలో ఒకప్పుడు అక్కడి ఆదివాసీల పిల్లల్ని తల్లుల ఒళ్ళోంచి లాక్కెళ్ళి, రైళ్ళలో ఎక్కడెక్కడి బోర్డింగ్ బళ్ళకో తరలించేవారు. జుట్టు కత్తిరించేవారు. సొంత భాషలో మాట్లాడితే కొట్టేవారు. ఉన్న పేరు తీసేసి హెన్రీ అనో మేరీ అనో తగిలించేవారు. చాలామంది మళ్ళీ ఇల్లు చూడలేదు. అలాంటి ఒక బడి వెనక గడ్డినేలలో నలభై మూడు సమాధులున్నాయి. రాళ్ళ మీద అంకెలు తప్ప ఏమీ లేవు. పాత రిజిస్టర్లు, జనాభా లెక్కల కాగితాలు, చదువురాని తండ్రులు ఎవరిచేతో రాయించుకున్న ఉత్తరాలు కంప్యూటర్లో ఒక్కొక్కటే తిరగేస్తూ, ఆ అంకెల కింద పడుకున్న పిల్లల అసలు పేర్లు పట్టుకోవడమే సహానా పని.

ఒక పేరు ఖాయం చేసుకుని ఆమె పుస్తకంలో రాసిన మర్నాడు, కింద బిల్డింగ్ వీధిగుమ్మం దగ్గర బెల్లుల పలక మీద కొత్త బెల్ ఒకటి వచ్చేది. పక్కనే తెలుగు అక్షరాల్లో ఆ పేరుండేది. నొక్కితే స్పీకర్లోంచి ఒక పసిగొంతు తన పేరు చెప్పి ఊరుకునేది. పోస్ట్‌మాన్ చూసి, "మీ ఇంట్లో పిల్లలు పెరుగుతున్నారే" అని తన దారిన పోయాడు. మూడో అంతస్తు ముసలావిడ మెట్లు కడిగే వంతు తనకి వచ్చిన వారం ఆ పేర్లు కూడా తడిగుడ్డతో తుడిచేది. బిల్డింగ్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ క్రౌస్ ఒక్కడే అభ్యంతరం చెప్పాడు.

"ఫ్రౌ సహానా, ఈ బిల్డింగ్‌లో పేర్లన్నీ ఒకే లిపిలో ఉండాలి."

"నేను అతికించినవి కాదు కదండీ."

"తెలుసు. చెప్పడం నా డ్యూటీ, చెప్పాను."

ఆ తర్వాత ప్రతి గురువారం మిగతా బెల్లులతో పాటు వాటినీ వరసగా నొక్కి పరీక్షించేవాడు.

మూడేళ్ళలో నలభై రెండు పేర్లు దొరికాయి. నలభై మూడోది దొరకలేదు. "హెన్రీ, ఏడేళ్ళు, నవంబరు ఇరవైన చేరాడు, ఫిబ్రవరిలో పోయాడు" అని మాత్రం రిజిస్టర్లో ఉంది. ఎనిమిది నెలలు వెతికి వెతికి, ఆఖరికి "పేరు తెలియని పిల్లవాడు" అని రాసి పెన్ను కింద పెట్టేసింది. మర్నాడు బెల్ వచ్చింది గానీ పక్కన అక్షరాల్లేవు. నొక్కితే చడీచప్పుడూ లేదు.

ఆ వారమే హైదరాబాదు నుంచి రాతప్రతి చదివిన ప్రచురణకర్త శశికాంత్ ఫోన్ చేశాడు.

"పుస్తకం అద్భుతంగా ఉందమ్మా. కానీ ఆ పేర్ల అధ్యాయం ఉందే, అది తీసేద్దాం. ఒక పిల్లవాడి కథ ఉంచుదాం, మిగతావాళ్ళని ఒక్క వాక్యంలో చెప్పేద్దాం. పాఠకుడు హాజరుపట్టీ చదవడు."

"అది తియ్యలేనండీ."

"అయితే నేను వెయ్యలేను. పది రోజులు ఆలోచించుకో."

జయసాగర్ మెల్లగా అన్నాడు: "ఐదుగురు కాదన్నాక వీళ్ళొక్కళ్ళే ఒప్పుకున్నారు సహానా. ఒక్క అధ్యాయమే కదా."

సహానా చెప్పింది: "నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక బస్సు కాలవలో పడింది. పోయినవాళ్ళ పేర్లన్నీ రాసిచ్చాను. డెస్కులో చోటు చాల్లేదని నలుగురి పేర్లుంచి, 'మరో ఏడుగురు' అని వేశారు. రెండోనాడు ఒకాయన పేపరు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఆ మాట మీద వేలు పెట్టి, 'అమ్మా, మా పిల్ల ఇందులోనే ఉందా?' అని అడిగాడు. అవునన్నాను. ఆ ముక్క చింపి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు."

జయసాగర్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గురువారం క్రౌస్ పనిముట్ల పెట్టె పట్టుకుని పైకొచ్చాడు. "నలభై మూడోది పనిచెయ్యట్లేదు. తీగ బాగుంది, కరెంటు వస్తోంది. నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇట్లా ఎప్పుడూ లేదు."

"రిపేరు కాదండీ అది. వాడి పేరు నాకు తెలీదు." తనకి తెలిసినదంతా చెప్పింది: వయసు, చేరిన తేదీ, ఏ నది ఒడ్డునుంచి ఆ ఏడు పిల్లల్ని రైలెక్కించారో.

క్రౌస్ నది పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు. అమెరికన్ సైన్యం ఈ ఊళ్ళో ఉన్న కాలంలో అతను వాళ్ళ బారకాసుల్లో ఎలక్ట్రీషియన్. అక్కడి నర్సు, అమెరికా ఆదివాసీ రూత్, సైన్యం వెళ్ళిపోయినా జర్మన్‌ని పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయింది. ఆమెది ఆ నది ఒడ్డేనని అతనికి గుర్తు.

శనివారం ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, నిటారుగా నడుస్తోంది. పలక ముందు నిలబడి నలభై రెండు బెల్లులూ నొక్కింది. ప్రతి గొంతూ పూర్తిగా వింది. కొన్ని పేర్ల దగ్గర తల ఊపింది.

"మా అమ్మమ్మకి అన్న ఉండేవాడు," అంది సహానాతో. "నూటపాతికేళ్ళ కిందటి మాట. రైలెక్కించి తీసుకుపోయారని తెలుసు, ఏ బడికో తెలీదు. నా చిన్నప్పుడు కూడా ఆవిడ చలికాలంలో వాకిట్లోకొచ్చి వాడి పేరు పెట్టి పిలిచేది."

"ఆ పేరు మీకు గుర్తుందా?"

రూత్ జవాబివ్వకుండా ఖాళీ బెల్ నొక్కి, వంగి, స్పీకర్లోకి ఆ పేరు పలికింది. మంచులో అందరికంటే ముందు నడిచేవాడని దానర్థం.

కాసేపు గరగరమంది. తర్వాత ఒక పిల్లవాడు ఏదో అడిగాడు. రూత్ గోడకి చెయ్యి ఆనించింది. ఆమె చెంపలు తడిసిపోయాయి.

"అమ్మమ్మ ముద్దుపేరు పిలిచాడు. నువ్వేనా అంటున్నాడు." మళ్ళీ వంగి, తాను ఆమె మనవరాలినని తన భాషలో నెమ్మదిగా చెప్పింది. పలక మీద తెలుగు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి తేలాయి. క్రౌస్ టోపీ తీశాడు.

ఆ పిల్లవాణ్ణి బడి వెనక సమాధిలోంచి తీసి సొంత నేలకి తెచ్చుకోవాలంటే దగ్గరి బంధువు సంతకం కావాలి, దాంతోపాటు రుజువూ కావాలి. స్పీకర్లో విన్నామంటే ఏ ఆఫీసూ ఒప్పుకోదు. సహానా మళ్ళీ రిపోర్టరైంది. పేరు తెలిశాక వెతకడం వేరు. పదిహేడు రోజులకి ఒక పాత జనాభా లెక్కల పుటలో ఆ పేరు కనబడింది. దాని కింద చెల్లెలి పేరు, పక్కన "బడికి పంపబడెను" అని తేదీ. బడి రిజిస్టర్లో చేరిన తేదీకి ఆరు రోజుల తేడా. రైలు ప్రయాణం ఆరు రోజులు. ఆ కాగితాలన్నీ కుట్టి రూత్ చేతిలో పెట్టేటప్పుడు, పన్నెండేళ్ళలో ఏ వార్త రాసినా కలగని గర్వం సహానాకి కలిగింది.

శశికాంత్ గడువు దాటిపోయాక తనే ఫోన్ చేశాడు. "ఏమనుకున్నావమ్మా?"

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి." ఫోను తీసుకుని మెట్లు దిగి, స్పీకరు దగ్గర పెట్టి, మొదటి బెల్ నుంచి నలభై మూడో బెల్ దాకా వరసగా నొక్కింది. అవతల ఆయన ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు.

ఆఖరి పేరు విన్నాక అన్నాడు: "ఒక్క పేరు కూడా తియ్యనమ్మా. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క పేజీ ఇద్దాం."

సెప్టెంబరులో అనుమతి వచ్చింది. రూత్ విమానమెక్కి వెళ్ళింది. శనివారం సాయంత్రం సహానా, జయసాగర్ ట్రామ్‌లో బజారుకి పోతుండగా ఫోన్ మోగింది. అవతల గాలి హోరు.

"పొద్దున్నే అయిపోయింది సహానా. అమ్మమ్మ పక్కనే పడుకోబెట్టాం. మావాళ్ళు గుర్రాల మీద ఎదురొచ్చి తీసుకెళ్ళారు వాణ్ణి." రూత్ ఊపిరి తీసుకుంది. "మా పెద్దలు నీ పేరు అడిగారు. అర్థం కూడా అడిగారు."

"ఓర్పు అని చెప్పండి."

రూత్ నవ్వి, తన భాషలో చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పింది. ముసలి నవ్వులు, పిల్లల నవ్వులు వినబడ్డాయి. తర్వాత ఎవరో ఒకటి, రెండు, మూడు అన్నట్టు లెక్కపెట్టారు. ఎనభైమంది, చూడని దేశపు మనుషులు, గాలికి ఎదురుగా ఒక్కసారే, ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా, ఆమె పేరు పెట్టి పిలిచారు.

సహానా సీట్లోంచి లేచింది. ట్రామ్‌లో అందరూ తిరిగి చూస్తుండగా గట్టిగా, తెలుగులో, "ఆఁ!" అని పలికింది.