ఉక్కుగద్ద ఆఖరి కాగితం

జగ్గయ్యపేట పప్పుదినుసుల వర్తక సంఘానికి వరుసగా మూడుసార్లు అధ్యక్షత వహించినవాడూ, కళ్ళు మూసుకుని గుప్పెడు కందిపప్పును వేళ్ళ మధ్య జారవిడిచి అది ఏ ఊరి చేలో పండిందో చెప్పగలవాడూ, మండువేసవిలో సైతం చొక్కా ఇస్త్రీ నలగనివ్వని గంభీరమూర్తీ అయిన లక్ష్మీకాంత్‌కు ఏభై రెండేళ్ళ జీవితంలో అంతుపట్టని సంగతి ఒక్కటే మిగిలింది. ఉక్కుగద్ద బతికాడా, లేదా?

ఈ ప్రశ్న ఆయన సంఘం సమావేశాల్లో ఎన్నడూ లేవనెత్తలేదు. లేవనెత్తి ఉంటే నాలుగోసారి అధ్యక్షపదవి సంగతి ఆలోచించవలసిన పని ఉండేది కాదు.

ఉక్కుగద్ద ఏ దేశస్థుడో ఎవరికీ తెలియదు. మేడలు మబ్బుల్ని రాసుకునే ఏదో సీమలో పుట్టి, అనువాదకుడి దయవల్ల తెలుగు నేర్చి, నాసిరకం కాగితం మీద మూడు రంగుల్లో అచ్చయి నందిగామకు విచ్చేశాడు. ఆ రంగుల్లో ఎరుపు ఎప్పుడూ తన గీత దాటి పక్కవాడి చెంప మీద పడేది. ఉక్కుగద్దకు ఇనుపరెక్కలు, ముక్కు వంకర తిరిగిన ముసుగు. ఆయన ఆజన్మశత్రువు తుప్పుదొర. ఉక్కుకు తుప్పును మించిన శత్రువెవరు? ఇంతటి తత్త్వాన్ని ముప్ఫై రెండు పేజీల్లో ఇమిడ్చిన ఆ అజ్ఞాత రచయితను లక్ష్మీకాంత్ తన మనసులో ఋషుల సరసన కూర్చోబెట్టాడు. ప్యాంటూ కోటూ తొడుక్కున్న తుప్పుదొర "ఓరి దురాత్మా! నీకు ఆయువు మూడినది" అని పద్యనాటకాల ఫక్కీలో గర్జిస్తుంటే పదేళ్ళ లక్ష్మీకాంత్‌కు అందులో వింతేమీ కనిపించలేదు. దుర్మార్గులు గ్రాంథికంలో మాట్లాడతారని బడిలో అదివరకే గ్రహించాడు.

ఆ పుస్తకం ఏలీయా గారి అద్దె పుస్తకాల కొట్టులోది. నందిగామ పాత బస్టాండు వెనక సందులో ఉండేది ఆ కొట్టు. ఏలీయా గారిదొక శాసనం ఉంది. ఏ బొమ్మల పుస్తకాన్నయినా అద్దెకిచ్చే ముందు దాని ఆఖరి కాగితాన్ని బ్లేడుతో నాజూగ్గా కోసి సొరుగులో దాచేవాడు. రెండు రోజుల్లోగా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టినవాడికి ఆ కాగితం చేతికిచ్చేవాడు. అక్కడే నిలబడి చదివి, ఇచ్చేసి వెళ్ళాలి. గడువు దాటినవాడికి సొరుగు తెరుచుకోదు. కేకలూ బెదిరింపులూ లేకుండా ఒక తరాన్ని క్రమశిక్షణలో నిలిపిన ఈ పద్ధతిని ఏ విద్యావేత్తా గుర్తించకపోవడం మన దేశ దౌర్భాగ్యం. రోజూ సాయంత్రం అయిదున్నరకు ఆ బల్ల ముందు పదిమంది పిల్లలు తలా ఒక కాగితం పట్టుకుని, బడిలో ఎరుగని నిశ్శబ్దంతో ముక్తి పొందుతూ కనిపించేవారు.

లక్ష్మీకాంత్ పద్దెనిమిదో సంచికను ఒక మంగళవారం సాయంత్రం తీసుకున్నాడు. అతని మొదటి బొమ్మల పుస్తకం అదే. ఆ వారంలోనే తండ్రి రామకోటేశ్వరరావు గారు కొట్టును నందిగామ నుంచి జగ్గయ్యపేటకు మార్చదలచి శుక్రవారానికి ముహూర్తం పెట్టించుకున్నాడు. మంగళవారం రాత్రి సిద్ధాంతిగారు ఆ ముహూర్తంలో దోషం కనిపెట్టి, బుధవారం తెల్లవారుజాముకు జరిపాడు. గ్రహాల సౌకర్యం చూశాడే గాని ఉక్కుగద్ద గడువు చూడలేదు. బుధవారం చింతపండు బుట్టల మధ్య లారీ ఎక్కిన లక్ష్మీకాంత్ చిల్లకల్లు దాకా ఏడ్చాడు. పుట్టిన ఊరి మీద ఇంత మమకారమా అని పెద్దలు మురిసి, జీడిపప్పు చేతిలో పోశారు.

పుస్తకం ఆగిన చోటు ఇది. ఉక్కుగద్ద వంతెన కింద గొలుసులకు వేలాడుతున్నాడు. రెక్కలు పొరలు పొరలుగా రాలుతున్నాయి. తుప్పుదొర చెయ్యి ముసుగు మీద పడింది. "నేటితో నీ నిజస్వరూపము లోకమునకు వెల్లడి యగుగాక!" అంతే. ఆ తరవాత ఏలీయా గారి బ్లేడు.

లక్ష్మీకాంత్ ఆ ఆఖరి కాగితాన్ని తానే గీయడం మొదలుపెట్టాడు. వర్తకుల ఇంటికి వచ్చే శుభలేఖలకు లెక్కలేదు. వాటి లోపలివైపు తెల్లగా ఉంటుంది. మొదటి ముగింపులో ముసుగు తీస్తే లోపల పదేళ్ళ లక్ష్మీకాంత్ ఉన్నాడు. తరవాతి వాటిలో నగరాధ్యక్షుడు, సేనాధిపతి, ఒక రాజకుమారుడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి బావమరిది ముఖం కూడా వేశాడు గాని, మర్నాడే చింపేశాడు. అన్నింట్లోనూ వంతెన కింద మున్నేరే పారేది. ఆయన ఎరిగిన ఏరు అదే. వేసవిలో గీసిన వాటిలో నీళ్ళు మోకాలిలోతుకు మించకపోవడంవల్ల ఉక్కుగద్ద పడిపోయినా ప్రమాదం లేకుండా పోయింది. అలా నలభై మూడు ముగింపులయ్యాయి. వాటి వెంట బొమ్మల పుస్తకాల మీద ప్రేమ కూడా పెరిగి, గోదాములో శనగపప్పు బస్తాల వెనక ఆరు ట్రంకుపెట్టెలను ఆక్రమించింది. ఈ రహస్యం కూతురు దీప్తికి ఒక్కదానికే తెలుసు. చిన్నప్పుడు ఆమెను నిద్రపుచ్చింది ఉక్కుగద్దే. ముగింపు లేని కథ కావడంవల్ల నిద్రపట్టేసరికి ఆలస్యమయ్యేది.

దీప్తి ఇప్పుడు నందిగామలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. గురువారం పొద్దున ఆమె దగ్గరనుంచి ఫోను వచ్చింది.

"నాన్నా, నీ గద్ద దొరికాడు."

"ఎవడు?"

"ఎన్ని గద్దలున్నయ్ నాన్నా నీకు? క్వశ్చన్ పేపర్లు జిరాక్స్ తీయించుకుందామని పాత బస్టాండు వెనక షాపుకొచ్చా. ఓనరు కృపావతి గారట. ఏలీయా గారి అమ్మాయి. ఆ సొరుగు ఇప్పటికీ ఉంది. పద్దెనిమిది ఉందా అంటే ఉంది అంది."

లక్ష్మీకాంత్ త్రాసు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "చూశావా?"

"చూడలా. నీకంటే ముందు చూస్తే జన్మలో మాట్లాడతావా నాతో?"

గుమస్తాతో "మైలవరంలో కందులు చూసొస్తా" అని చెప్పి ఆయన కారెక్కాడు. మైలవరం ఇంకా చాలా దూరముండగానే, నందిగామలో కారు ఆగిపోయింది.

జిరాక్స్ షాపు బల్ల వెనక కృపావతి కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, పున్నమ్మ అనే పెద్దావిడ పింఛను కాగితాలు నకలు తీస్తోంది. లక్ష్మీకాంత్ ట్రంకుపెట్టెలోంచి తెచ్చిన పట్టుగుడ్డ మూట విప్పి పుస్తకాన్ని బల్ల మీద ఉంచాడు.

"తిరిగివ్వడానికి వచ్చానండి."

కృపావతి అట్ట చూసింది, ఆయన్ను చూసింది, మళ్ళీ అట్ట చూసింది. "ఇదెప్పుడు తీసుకెళ్ళారు?"

"ఎనభై మూడులో. మంగళవారం."

"గడువెప్పటికి?"

"గురువారానికండి."

"ఇయ్యాల గురువారమేగా," అంది పున్నమ్మ, న్యాయం పక్షాన నిలబడి.

"ఏ గురువారమో కూడా చూడాలి గదా పిన్నీ," అని కృపావతి ఆయనవైపు తిరిగింది. "మీరేనా! శెట్టిగారి బుజ్జి. మా నాన్న వారంరోజులు చూశాడండి మీకోసం. 'చచ్చిపోయాడో, పేట పోయాడో! లేకపోతే ఈ కథ వదిలిపెట్టి వాడు ఉండలేడు' అన్నాడు."

"పేటే వెళ్ళామండి," అన్నాడు లక్ష్మీకాంత్ వినయంగా. "ఆ కాగితం ఒక్కసారి..."

"గడువు దాటింది గదండి."

"నలభై రెండేళ్ళయింది."

"అదే చెప్తన్నా. మా సొంత మేనమామ ఒక్కరోజు ఆలస్యమైతేనే చూపించలా నాన్న. ఇప్పుడు మీకు చూపిస్తే మా మేనమామకి ఏం సమాధానం చెప్పను?"

మిల్లుల యజమానులను మౌనంతోనే దారికి తెచ్చుకోగల వర్తకుడు ఆ బల్ల ముందు మాట మార్చవలసి వచ్చింది.

"మిగతా పుస్తకాలేవండి?"

"నాన్న పోయినాక తూకానికి ఇచ్చేశాం. పల్లీల బండాయన పట్టుకుపోయాడు. సొరుగు సంగతి ఎవరికీ గుర్తులేదు. అందుకే కాగితాలు మిగిలినయ్, మూడొందల పైన."

"అంటే, గడువులోగా బుద్ధిగా తిరిగొచ్చినవన్నీ పల్లీల పొట్లాలయ్యాయి."

"అయ్యాయి."

"గడువు దాటింది ఒక్కటే బతికింది."

కృపావతి జిరాక్స్ యంత్రం ఆపింది. "అట్టా అడ్డంగా మాట్లాడితే ఎట్టాగండి," అంది గాని, గొంతులో మేనమామ కాస్త పక్కకు జరిగాడు. కొంతసేపు పుస్తకం అంచును వేలితో నిమిరింది.

"నన్ను పుస్తకాలు ముట్టుకోనిచ్చేవాడు కాదండి నాన్న. బేరానికి పెట్టినవి, నలుగుతయ్యనేవాడు. బడినుంచొచ్చి సొరుగు దగ్గర కూర్చుని ఈ కాగితాలే చదివేదాన్ని. మూడొందల కథల ముగింపులు తెలుసు నాకు. మొదలు ఒక్కదానిదీ తెలవదు. ఎవరో చచ్చిపోతే అందరూ ఏడుస్తా ఉంటారు. పోయినోడు మంచోడో చెడ్డోడో తెలవకుండానే నేనూ ఏడ్చేదాన్ని." కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీ పద్దెనిమిదిలో ముసుగు తీసినాక ఒక ముఖం..."

"చెప్పకండి!" వర్తక సంఘం అధ్యక్షుడు రెండు చెవులూ మూసుకున్నాడు.

"చెప్పనండి. కానీ ఆ ముఖం ఎవరిదో నాకు తెలవదు. చిన్నప్పటినుంచి చూస్తన్నా. ఎవరాయన? ఎక్కడోడు?"

ఆ విధంగా చరిత్రలో రెండు రాజ్యాల మధ్య సంధి కుదిరింది. షరతులు ఇవి: లక్ష్మీకాంత్ కథను మొదటినుంచి చదివి వినిపించాలి, మధ్యలో పేజీలు ఎగరగొట్టకూడదు, పుస్తకం ఇక్కడే ఉండిపోవాలి. పైకి చదవడం పూర్తయిన క్షణాన సొరుగు తెరుచుకుంటుంది. మూడో షరతు దగ్గర ఆయన ఒక్క ఊపిరి ఆగి, తలూపాడు.

చదవడం ప్రారంభించాడు. మొదట సంఘం తీర్మానం చదివినట్టు చదివాడు. రెండో పేజీలో రైలు పట్టాలు తప్పగానే "ధఢేల్!" అన్నాడు, వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. మూడో పేజీలో వంతెన ప్రారంభోత్సవం. కృపావతి బొమ్మ మీదికి వంగి, "అమ్మో!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లక్ష్మీకాంత్ చదవడం ఆపాడు. ఆ ముఖం ఈ పేజీలోనే ఉందన్నమాట! ఆయనకు ఆ పేజీ కంఠతా వచ్చు. నగరాధ్యక్షుడు, ఆయన భార్య, ఇద్దరు పోలీసులు, ఒక కుక్క. ఎవరు? చూపు తిప్పకుండా కృపావతినే పరీక్షించాడు. ఆమె నోటిమీద చెయ్యి తియ్యలేదు.

"కానీండి, చదవండి," అంది వేళ్ళ సందుల్లోంచి.

తక్కిన పేజీలను ఆయన "ఖణేల్", "ఫట్‌ఫట్" ఒక్కటీ వదలకుండా పూర్తిచేశాడు. "వెల్లడి యగుగాక!" అని ముగించాడు. కృపావతి సొరుగు లాగి, అడుగునుంచి ఒక కాగితం తీసి, తన తండ్రి ఇచ్చినట్టే రెండు చేతులతో ఇచ్చింది.

ముసుగు ఊడింది. లోపల బట్టతల, నెరిసిన మీసం, అలసిన కళ్ళు. లక్ష్మీకాంత్ తెల్లబోయి మూడో పేజీ తిప్పాడు. నగరాధ్యక్షుడి వెనక, పేజీ మూలలో, గోరంత బొమ్మ: వంతెన కాపలాదారు. కారుకు అడ్డొచ్చాడని డ్రైవరు చేత చెంపదెబ్బ తింటున్నాడు. ఆ చెంప మీద కాస్త ఎరుపు. అచ్చుయంత్రం పొరపాటేనని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు. నలభై మూడు ముగింపుల్లో గొప్పవాళ్ళందరికీ ముసుగు తొడిగాడు గాని, ఈ మనిషిని ఒక్కసారైనా చూడలేదు.

కాగితం వెనకవైపు తుప్పుదొర బిత్తరపోయి నిలబడ్డాడు. "ఎవడీతడు? నేనెరుగనే!" అనుచరులూ ఎరగరు. నిజస్వరూపం లోకానికి వెల్లడయింది గాని, లోకం గుర్తుపట్టలేదు. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుంటుండగా కాపలాదారు మొలలోని తాళంచెవి తీసి, గొలుసు విప్పుకుని, తుప్పుదొరను నదిలోకి తోసి, దీపం వెలిగించుకుని డ్యూటీ ఎక్కాడు.

"బతికాడు!" అని అరిచాడు లక్ష్మీకాంత్. ఇస్త్రీచొక్కా చంకల దగ్గర తడిసి ముద్దయింది. "బతికాడండీ!"

"వంతెన కాపలా కాసేటోడి దగ్గర తాళంచెవి ఉండదా ఏంది," అంది పున్నమ్మ. "దీనికి ఇంత ఇదయిపోవాలా?"

కృపావతి మాత్రం కళ్ళు తుడుచుకుంటోంది. "చెంపదెబ్బ తిన్నాయనా! ఎంత మంచోడండి. నేను దొంగేమో అనుకున్నా ఇన్నేళ్ళూ." అని, అంతలోనే కనుబొమలు ముడిచి పేజీలు వెనక్కి తిప్పింది. "ఆగండాగండి. తొమ్మిదో పేజీలో ఉక్కుగద్ద పైన ఎగురుతుంటే, కింద ఈయన దీపం పట్టుకుని నిలబడ్డాడే! ఒకే మనిషి రెండుచోట్ల ఎట్టా ఉంటాడు?"

లక్ష్మీకాంత్ చూశాడు. నిజమే. మీసంతో సహా ఉన్నాడు. ఋషుల సరసన కూర్చున్న రచయిత ఆసనం కాస్త కదిలింది.

"అది... తమ్ముడయ్యుంటాడండి."

"తమ్ముడి ఊసెక్కడుంది?"

"ప్రతి ఊసూ రాస్తారేంటండి? పాఠకుడికి ఆ మాత్రం వదలొద్దా?"

"ఇదేం వాదనండీ! నా మూడొందల కాగితాల్లో ఒక్కదాంట్లో కూడా తమ్ముడు లేడు."

"మీరు చూసింది చివరలేగా! తమ్ముళ్ళు మధ్యలో ఉంటారు."

జేబులో ఫోను మోగింది. గుమస్తా. "అయ్యా, మైలవరం కందులు ఎట్టా ఉన్నయ్?"

"అద్భుతం," అన్నాడు లక్ష్మీకాంత్ తొమ్మిదో పేజీమీదనుంచి చూపు తిప్పకుండా. "ఇంకా చూడాల్సిన సరుకు చాలా ఉంది. సాయంత్రం దాకా పట్టుద్ది." ఫోను కట్టేశాడు.

కృపావతి షాపు లోపలినుంచి ఇంకొక కుర్చీ లాక్కొచ్చి ఆయనకు వేసింది. పున్నమ్మ పింఛను కాగితాలు మడిచి పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే గడప మీద చతికిలబడింది.

"మొదటి పేజీకి రండి," అంది కృపావతి. "తమ్ముడు ఎక్కడ దూరాడో తేల్చుకుందాం. ఈసారి చప్పుళ్ళు నేను చేస్తా."