మామగారి ట్యాంకుకు బురద

పళ్ళ డాక్టరుకు మామగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ పెద్దమనిషి నోట "అల్లుడూ" అన్న పిలుపు రాలేదు. ఎప్పుడు చూసినా "డాక్టరుగారూ" అనే. పన్ను పీకించుకుని పోయే పేషెంట్లు కూడా అంతకన్నా చనువుగా పిలుస్తారు. పైకి నవ్వేసినా, లోపల చిన్నబుచ్చుకునేవాడు పాపం.

మామగారు ఒకప్పుడు సైన్యంలో ట్యాంకు నడిపారు. అందుకే ఆయన్ని మెప్పిద్దామని డాక్టరు, ముక్కలు అతికించి బొమ్మ చేసుకునే ప్లాస్టిక్ కిట్టు, అదే రకం ట్యాంకుది, తెప్పించి, క్లినిక్ నుంచి రాగానే వంటింటి బల్ల ఆక్రమించడం మొదలుపెట్టాడు. చక్రాల చుట్టూ తిరిగే చైను ఒక్క ముక్కగా రాలేదు. గోరంత లింకులను ఒక్కొక్కటే ఊపిరి బిగబట్టి అతికించాలి.

"నా టీ కప్పులో ఒకటి దొరికింది, తీసుకోండి," అంది భార్య. "మా నాన్నతో మాట్లాడాలంటే నోరుంది కదండీ. యుద్ధట్యాంకు ఎక్కి వెళ్ళాలా?"

రంగు ఆరాక డాక్టరుకు మరీ హుషారొచ్చింది. కొత్తగా మెరిస్తే బొమ్మలా ఉంటుందట. సుద్దముక్కలు నూరి, తడిపి, చక్రాలకు బురద పట్టించాడు. పొగగొట్టానికి మసి పూశాడు. ముందువైపు డ్రైవరు లోపలికి దిగే మూత పక్కన బురద బొటనవేలు తగిలి ఒక మరకైంది. తుడుద్దామనుకుని మరిచిపోయాడు.

"ఇల్లు దులపమంటే తీరికుండదు. దీనికి మాత్రం కూర్చుని మరీ మురికి పూస్తారు!" అంది భార్య.

ఆదివారం భోజనానికొచ్చిన మామగారు ట్యాంకును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఎవరిదండీ ఈ బండి?"

"మీదే మామయ్యగారూ. మీరు నడిపిన రకమే."

"నాదా! డాక్టరుగారూ, సాయంత్రం బండి కడగందే మేం అన్నం ముట్టేవాళ్ళం కాదు. ఇంత మురికి చూస్తే మా ఆఫీసరు నాచేత నాకించేవాడు."

డాక్టరు మొహం మాడిపోయింది. నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. వంటింట్లో భార్య నవ్వాపుకోలేక దగ్గడం మొదలుపెట్టింది.

మామగారు చొక్కా చేతులు మడిచారు. "బ్రష్షుందా?"

పళ్ళ డాక్టరింట్లో బ్రష్షులకేం కరువు? మెత్తనివి రెండు, గిన్నెలో నీళ్ళు వచ్చాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తోమసాగారు. మామగారు కాసేపు ఓర్చుకున్నారు గానీ, ఇక ఉండబట్టలేకపోయారు.

"అలా అడ్డంగా రుద్దుతారేంటండీ? సందుల్లోది సందుల్లోనే ఉంది. నలుగురికీ పళ్ళు తోముకోవడం నేర్పేది మీరేనా?"

డాక్టరు నిలువుగా తోమాడు. నీళ్ళు నల్లబడ్డాయి, ముందు చక్రాలు తేటపడ్డాయి. అదే ఊపులో ఆ మూత పక్కనున్న మరక మీదికి బ్రష్షు పోనిచ్చాడు. మామగారు చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నారు.

"అది ఉండనీ అల్లుడూ. అక్కడ కాలు పెట్టే ఎక్కేవాణ్ణి. ఎంత కడిగినా మళ్ళీ నా బూటు మట్టే."

వంటింట్లో దగ్గు ఆగిపోయింది. డాక్టరు తలెత్తి మామగారి మొహంలోకి చూశాడు.

"ఏంటలా చూస్తావు? ఆ వెనక చక్రం ఇంకా తోమనేలేదు," అన్నారు మామగారు.