ఏం కోశామో రాయండి

మొక్కల్నీ జీవుల్నీ లెక్కపెట్టే ఆఫీసరు కారు దిగాడు. బూట్లకు బురద అంటకుండా గట్టు మీదే నిలబడి, మడుగు వైపు ఒక్కసారి చూసి, చేతిలోని కాగితం మీద ‘ఏమీ లేదు’ అని పైకే అంటూ రాసుకున్నాడు. పక్కనున్న కంపెనీ మేస్త్రీ తలూపాడు. లెక్క అయిపోయింది.

పదడుగుల దూరంలో కొడవలి పట్టుకుని నిలబడ్డ చాపలత్తకు ఆ మాట వినిపించింది. నాలుగు రోజుల కిందట అక్కడ నిలువెత్తు తుంగ ఉంది. ఆ తుంగ కోసి, ఎండబెట్టి, చాపలు నేసి ఆవిడ ముగ్గురు పిల్లల్ని పెంచింది. వాడలో నలభై ఇళ్లకు ఆ మడుగే ఆధారం. దాన్ని కంపెనీ కొన్నదని అందరికీ తెలుసు. నీళ్లలో మేడలు కడతారని మాత్రం ఎవరూ అనుకోలేదు. ‘దోమలు పెరిగాయి, జ్వరాలొస్తాయి, శుభ్రం చేయండి, కూలి ఇస్తాం’ అని మేస్త్రీ చెబితే, పదకొండు మంది ఆడవాళ్లు మూడు రోజులు వంచిన నడుం ఎత్తకుండా కోశారు. మోపులు చాపలకు ఉంచుకుంటామంటే వినకుండా వాడు అన్నీ కుప్ప పోయించి తగలబెట్టించాడు.

ఆ సాయంత్రం చాపలత్త గుమ్మం ముందు వాడంతా చేరింది. ఆవిడ తమ్ముడి కూతురు కాలేజీలో చదువుతోంది. ఆఫీసు గోడకు అంటించిన నోటీసును నోట్‌బుక్‌లోకి ఎక్కించుకొచ్చింది.

“అత్తా, కొత్త రూలొచ్చింది. కట్టడానికి పర్మిషన్ కావాలంటే ఆ స్థలంలో ఏ మొక్కుంది, ఏ పిట్టుంది, ఏ పురుగుంది, అన్నీ ముందే లెక్క రాయాలి. ఎంత పాడు చేస్తారో అంతకంటే ఎక్కువే మళ్లీ పెంచి చూపించాలి. లేకపోతే పర్మిషన్ లేదు.”

“మంచి రూలేగా?”

“మంచిదే. కానీ అక్కడ ఏమీ లేదని రాస్తే, పెంచాల్సిందీ ఏమీ ఉండదు. అందుకే మీతో ముందే కోయించారు.”

చేతులారా తమ పొట్ట తామే కొట్టుకున్నామని తెలిసినప్పుడు మనిషికి ముందు ఏడుపు రాదు, సిగ్గు వస్తుంది.

వాడలో రిక్షా తొక్కే రిక్షా బావ లేచాడు. “పదకొండు మందిలో ఒక్కదానికన్నా బుర్ర లేదా?”

“నీ పెళ్లాం కూడా కోసింది,” అంది చాపలత్త. “కూలి తెచ్చిన రోజు ఈ బుర్ర ఏమైంది?”

ఆయన కూర్చున్నాడు.

“ఇంకో ముక్క కూడా ఉంది,” అంది పిల్ల. “కావాలని ముందే నరికేస్తే, నరకకముందు ఉన్నదే లెక్కలోకి తీసుకోవాలట. కానీ నరికారని రుజువు కావాలి.”

“బూడిద తప్ప ఏం మిగిలింది?” అన్నారు ఎవరో.

మర్నాడు కట్టడంపై ప్రజల మాట వింటామని పెట్టిన సభకు నలభై ఇళ్లూ కదిలాయి. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. చాపలత్త చెయ్యెత్తి, “ఏమీ లేదని రాశారే, మేమే కోశాం. మేస్త్రీ కోయమంటేనే కోశాం” అంది. హాలంతా గోల. కంపెనీ లాయరుకు ఒళ్లు మండింది.

“మేస్త్రీ ఎవర్నీ పిలవలేదు! వీళ్లే మా స్థలంలోకి చొరబడి పచ్చదనమంతా నాశనం చేశారు. కేసు పెడుతున్నాం!”

అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నానికల్లా పోలీసులు వచ్చి పదకొండు మందినీ మగ్గాల మీంచి లేపి పట్టుకుపోయారు. మడుగును కాపాడటానికి పుట్టిన చట్టం మొట్టమొదట పట్టుకున్నది మడుగును నమ్ముకున్నవాళ్లనే. మన దగ్గర చట్టానికి దారి బాగా తెలుసు, అది ఎప్పుడూ పేదవాడి ఇంటికే వస్తుంది.

గంట తిరక్కుండానే లాయరు చెమటలు కక్కుతూ స్టేషన్‌కు వచ్చాడు. గొంతు తేనెలో ముంచి తెచ్చుకున్నాడు.

“అమ్మా, మనలో మనకు గొడవెందుకు? అక్కడ కోయడానికి ఏమీ లేదు, కోపంలో అబద్ధం చెప్పాం అని వేలిముద్ర వేసేయండి. కేసు తీసేస్తాం. ఇళ్లకు వెళ్లిపోండి.”

పదకొండు మందిలో ఒక చంటిబిడ్డ తల్లి ఏడ్చేసింది. “వేసేద్దాం అత్తా. ఇంటి దగ్గర వాడు పాల కోసం గుక్కపట్టి ఉంటాడు.”

చాపలత్తకు మాత్రం భయం లేదా? జైలంటే ఎన్నాళ్లో తెలియదు. సిరా డబ్బీ వైపు చూసింది. ఆ పైన లాయరు వైపు చూసింది.

“అక్కడ ఏమీ లేకపోతే మమ్మల్ని ఎందుకు పట్టుకొచ్చారు బాబూ?”

లాయరు సిరా డబ్బీ మూత తీసి ఆవిడ ముందుకు జరిపాడు.

ఆవిడకు అర్థమైంది. వెనక్కి తిరిగి, “రుజువు లేదనుకున్నాం కదే. పచ్చదనం కోశామని వాళ్లే కేసు పెట్టారు. మనమే రుజువు” అంది.

చంటిబిడ్డ తల్లి కళ్లు తుడుచుకుంది. తర్వాత బొటనవేలు పిడికిట్లో దాచుకుంది.

“రాయండి సార్,” అంది చాపలత్త ఇన్‌స్పెక్టరుతో. “మేమే కోశాం. ఏం కోశామో కూడా రాయండి. మనిషెత్తు తుంగ. గట్టు పొడుగునా జమ్ము. నీటికోడి గూళ్లు ఆరు, గుడ్లతో సహా. నా చేత్తో తీసి పక్కన పెడితే, మేస్త్రీ వాటినీ మంటలో వేయించాడు.”

“తాబేలు,” అంది ఇంకొకామె. “పిల్లల్తో.”

“కప్పలు. నత్తలు. తూనీగలైతే లెక్కే లేదు.”

“నెమ్మదిగా చెప్పండమ్మా,” అన్నాడు పక్కన కూర్చుని రాసుకుంటున్న రైటరు.

అప్పుడే రిక్షా బావ తలుపు తోసుకుని వచ్చాడు. “నేనూ కోశాను సార్.”

“నీకు కొడవలి పట్టడం వచ్చా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“రాదు. అయినా కోశాను. కప్పల్ని తొక్కి చంపాను కూడా. రాసుకోండి.”

ఆయన వెనక ఆయన తల్లి, ఆమె వెనక చాపలత్త తమ్ముడి కూతురు, పిల్ల వెనక దాని కాలేజీ మొత్తం. మడుగు మొహం ఎరగనివాళ్లు కూడా కోశామంటున్నారు. వరస మెట్లు దిగి రోడ్డెక్కింది.

సాయంత్రం పదకొండు మందినీ కోర్టుకు పంపడానికి వ్యాన్ ఎక్కించారు. బిడ్డ తల్లినీ వదల్లేదు. ఇంటి నుంచి తెచ్చిన పసివాణ్ణి వరసలో ఒకరి చేతుల మీంచి ఒకరు అందించుకుంటూ వ్యాన్ దాకా చేర్చారు. తల్లి కొంగు కప్పుకుని పాలిచ్చింది. వ్యాన్ కదిలింది.

స్టేషన్ లోపల రైటరు కొత్త పుస్తకం తెరిచి, “తర్వాత ఎవరు?” అన్నాడు.