వ్యాను మీద చెరువు

మా ఆయన అబ్దుల్ జబ్బార్ మంచివారే. కానీ వ్యాను తాళం అడిగితే మాత్రం ఉన్నట్టుండి చెవుడు వచ్చేస్తుంది. ఏలూరులో డ్రైవింగ్ నేర్చుకుని నేను లైసెన్సు తెచ్చుకుని ఏడాదైంది. అది బీరువాలో చీరల కింద మగ్గుతోంది. ఒళ్లు మండదూ?

వానొస్తే ఆ పాత వ్యాను పైకప్పు కారేది. తుప్పు తినేసి చిల్లులు పడ్డాయి. ఒకరోజు నెత్తి తుడుచుకుంటూ ఆయనే నోరు జారారు.

"ఇందులో చుక్క పడకుండా చెయ్యి హలీమా, స్టీరింగ్ నీదే!"

"మాట మీద ఉంటారా అండీ?"

"ఉంటాను."

నేను కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని. చేపల చెరువుల్లో తిరిగే ఫైబర్ పడవలకు మా నాన్న మాట్లు వేస్తుంటే చూస్తూ పెరిగాను. రేకు తళతళలాడేదాకా తుప్పు గీకాను. చిల్లుల మీద ఫైబర్ గుడ్డ పరిచి జిగురు పట్టించాను. ఆరాక నున్నగా రుద్ది, మళ్లీ తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టి, పైన తెల్లరంగు వేశాను. రెక్కలు పడిపోయాయి గానీ, ఎంత ముద్దొచ్చిందో!

మరి కారదని రుజువేదీ? ఆకాశంలో మబ్బు తునక లేదు. మా ఊరివాళ్లకు తెలిసిన విద్య ఒక్కటే. పైకప్పు అంచుల వెంట బంకమట్టితో గట్టు కట్టి, బిందెలతో నీళ్లు నింపేశాను. చేపలమ్మే పక్కింటి మణెమ్మ పడీపడీ నవ్వింది.

"నిరుడు కొల్లేట్లో మీ నాన్న చెరువు గట్లను అధికారులు కొట్టేశారని ఏడ్చావు కదే, ఇక్కడ కట్టేసుకున్నావా?" అంటూ తట్టలోంచి బతికున్న కొర్రమీను పిల్లను తీసి అందులో వదిలింది.

సాయంత్రం మా ఆయన వచ్చి నోరెళ్లబెట్టారు. వ్యాన్లో కూర్చుని, మెడ పట్టేసేదాకా పైకి చూశారు. చుక్క లేదు! తాళం నా చేతిలో పెట్టి పక్క సీట్లోకి జరిగారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బిస్మిల్లా అనుకుని నెమ్మదిగా వీధి చివరిదాకా తోలాను. అక్కడ గేదె అడ్డమొచ్చింది. దాన్ని అదిలించడానికి ఆయన కిటికీలోంచి తల బయట పెట్టారు. నేను బ్రేకు తొక్కాను.

గండి కొట్టడం మరిచిపోయాను!

ఆ పక్క గట్టు తెగి చెరువంతా ఆయన నెత్తిమీదికి దిగింది. కొర్రమీను కిటికీలోంచి ఆయన ఒళ్లో పడి గిలగిల్లాడింది.

"లోపల చుక్క పడింది! పందెం పోయిందే హలీమా!" అని మట్టి ఉమ్ముతూ అరిచారు.

నేను చెయ్యెత్తి లోపలి కప్పంతా తడిమి చూపించాను. పొడిగా ఉంది.

"నా కప్పు కారలేదండీ, కిటికీ తెరిచింది మీరు. ఆ చేపను గట్టిగా పట్టుకోండి, నేను గేరు మార్చాలి."