దుంగల సందుల్లో మట్టి

మంచు పడేలోపు ఏటా మా ఆయన హాల్వర్ అడిగే మాట ఒకటే. "ఏమే, సందులు పూశావా?"

మాది దుంగలు పేర్చి కట్టిన ఇల్లు. దుంగలు ఎండి ముడుచుకుంటాయి, పూసిన మట్టి రాలిపోతుంది, ఆ సందుల్లోంచి మిన్నెసోటా గాలి కత్తిలా దూరుతుంది. వాగొడ్డు బంకమట్టి, తరిగిన గడ్డి, ఆవుపేడ కలిపి తొక్కి, వేళ్ళు కొయ్యబారుతున్నా సందు సందుకీ కూరేదాన్ని. కడుపుతో ఉన్నా కూరాను, పచ్చి బాలింతగా ఉన్నా కూరాను. "బురద పిసకడమూ ఒక పనేనా పిల్లా?" అనేది మా అత్తగారు, పొయ్యి పక్కన కూచుని. ఆ గదిలో వెచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకుందో మరి!

ఒక ఏడు నా చిన్నది రాగ్నా కూడా నాతో మట్టి కూరింది. అప్పటికింకా మాటలు సరిగ్గా రాని పిల్ల. మంచం పక్క సందులో దాని అరచెయ్యి అచ్చు పడింది. ఆ చలికాలమే గొంతు పూడుకుపోయే జబ్బొచ్చి పిల్ల పోయింది. ఆ తర్వాత ఇల్లంతా పూశాను గానీ ఆ సందు ముట్టలేదు. "అక్కడ మర్చిపోయావే" అనేవాడు హాల్వర్, అటు తిరిగి పడుకుంటూ. నేను ఆ అచ్చు మీద చెయ్యేసుకుని పడుకునేదాన్ని.

ఇప్పుడు మేం కోసిన చెక్కలతో కట్టిన కొత్త ఇంట్లో ఉంటున్నాం. పాత ఇంటిని విప్పి, ఊరి సంత మైదానంలో నలుగురూ చూసేలా నిలబెడతామని పెద్దలు వచ్చారు. దుంగలకి జాగ్రత్తగా సుద్దతో గుర్తులు పెట్టారు. మట్టినేమో పారలతో గుంటలోకి తోశారు.

"అయ్యో, మంచం పక్కది ఆగండి!" అన్నాను.

"మట్టి కోసం ఏడుపేంటి వదినా, ఊళ్ళో బోలెడుంది" అని నవ్వాడు మరిది ఓస్మండ్. హాల్వర్ కూడా నవ్వాడు. అతనికి గుర్తే లేదు. గుంటలోకి నేనొక్కదాన్నే దిగి వెతుక్కున్నాను. ఆ అచ్చులో రెండు వేళ్ళున్న ముక్క దొరికింది.

ఇల్లు మళ్ళీ లేచింది. గుమ్మం మీద పలక కూడా కొట్టారు: 'హాల్వర్, ఓస్మండ్ సోదరులు కట్టిన ఇల్లు.'

నిన్న నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే హాల్వర్ వచ్చాడు. "ఏమే, పండక్కి జనం వస్తారు. గోడల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. ఆ మట్టి కలపడం ఎవరికీ చేతకావట్లేదు. రేపొచ్చి పూసెయ్."

నేను కత్తి ఆపలేదు. రెండు వేళ్ళ ముక్క నా జేబులోనే ఉంది.

"దానికి నేనెందుకయ్యా? బురద పిసకడమూ ఒక పనేనా? పలక మీద పేర్లున్నవాళ్ళు పూసుకుంటారులే."